నోటి చోట చేతులు

తొకియె చేతులు చూసే పెళ్లి చేసుకున్నానని షోహెయ్ బతికినన్నాళ్లూ అందరికీ చెప్పుకున్నాడు. అందులో అతిశయోక్తి ఏమీ లేదు. ఇద్దరూ పుట్టు చెవిటివాళ్లు. ఇద్దరూ ఒకే చెవిటిపిల్లల బడి హాస్టల్లో పెరిగారు. ఆ రోజుల్లో అలాంటి బడి ఎక్కడున్నా పద్ధతి ఒకటే: సైగలు చెయ్యకూడదు. ఎదుటివాళ్ల పెదాలు చూసి అర్థం చేసుకోవాలి, గొంతు పెగల్చుకుని మాట్లాడాలి. క్లాసులో చేతులు కదిలితే బెత్తం పడేది. అందుకని పిల్లలు పగలంతా చేతులు బల్లకింద దాచుకుని కూర్చునేవాళ్లు. సాయంత్రం హాస్టలు గడప దాటగానే, ఆకలితో ఉన్నవాళ్లు కంచం మీద పడ్డట్టు, సైగల మీద పడేవాళ్లు.

ఎవరూ నేర్పని భాష కాబట్టి ఆ పిల్లలే దాన్ని కల్పించుకున్నారు. బుధవారం అనడానికి తల రుద్దుకునేవాళ్లు, హాస్టల్లో స్నానాలు బుధవారం గనక. ఉత్తరం వచ్చింది అని చెప్పాలంటే కళ్లమీదికి జారిన టోపీని వేలితో పైకి నెట్టినట్టు చూపించేవాళ్లు. అక్కడికొచ్చే పోస్టుమాన్ తల చిన్నది, టోపీ పెద్దది. ఇక మంచు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ ప్రాంతంలో శీతాకాలం వస్తే ఇళ్లు కప్పుదాకా మునిగిపోతాయి. తడిమంచు అనాలంటే భుజం కుంగాలి, పొడిమంచు అనాలంటే అరచేతి మీద ఊదాలి, రేపు పొద్దున్న పార పట్టక తప్పదు అనే మంచుకి మొహం కూడా మాడ్చాలి. ఈ సైగలు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. ఆ పిల్లలతోపాటే పెద్దవయ్యాయి, వాళ్లతోపాటే కజిసావ ఊళ్లో కాపరాలు పెట్టాయి.

తొకియె కిమోనోలు కుట్టేది. కుడిచేతి నడిమి వేలికి తోలుతో చేసిన ఉంగరం తొడుక్కుని, సూది వెనక్కి దాన్ని ఆన్చి తోస్తూ, పట్టుబట్ట మీద నీళ్లు పారినట్టు కుట్టుకుంటూ పోయేది. సైగ చేసినా అంతే. ఒక్క వేలు కూడా అనవసరంగా కదిలేది కాదు. ఊళ్లో చెవిటివాళ్ల సంఘం సమావేశాల్లో ఆమె లేచి నిలబడితే వెనక వరసలో వాళ్లు కూడా మెడలు సాచక్కర్లేకుండా అర్థమయ్యేది.

షోహెయ్ అచ్చు కూర్పరి. సీసపు అక్షరాలు ఏరి వరసలు పేర్చేవాడు. పెళ్లయిన కొత్తలోనే కాగితాలు కోసే యంత్రం అతని కుడిచేతి రెండు వేళ్ల కొసలు తీసుకుపోయింది. అక్షరాలు ఏరడానికి ఎడమచెయ్యి అలవాటు చేసుకున్నాడు గాని సైగలకి మాత్రం లోటు పడింది. వేళ్ల కొసలు లేకపోతే కొన్ని మాటలు సగంలో ఆగిపోతాయి. హాస్టలు రోజుల నుంచీ ప్రాణస్నేహితుడైన బున్‌జో, ఊళ్లో మంగలి షాపు పెట్టుకున్నవాడు, ఎప్పుడూ ఏడిపించేవాడు.

"ఒరే, నీ చేతికి నత్తొచ్చిందిరా. ఎల్లుండి వస్తానంటున్నావా, ఎలక చచ్చిందంటున్నావా?"

"నీ తలకాయంటున్నా. అది అర్థమైందా?" అనేవాడు షోహెయ్.

"ఆ, అది మాత్రం శుభ్రంగా తెలిసింది."

షోహెయ్, తొకియెలకి ఒక్కతే కూతురు, చినామి. ఆ పిల్లకి వినిపిస్తుంది. దాంతో ఇంటికి టెలిఫోను ఆ పిల్లే అయింది. డాక్టరు దగ్గర మాట్లాడాలన్నా చినామి, బియ్యం కొట్టువాడికి కబురు పెట్టాలన్నా చినామి, చివరికి తన బళ్లో తన మీదే టీచరు చేసిన ఫిర్యాదు అమ్మానాన్నలకి సైగలతో చెప్పాల్సింది కూడా చినామే. ఆ ఫిర్యాదు ఎంత ముద్దుగా మార్చి చెప్పిందో తల్లికి చాలా ఏళ్ల తర్వాత గాని తెలియలేదు.

తర్వాత ప్రెస్సులోకి కంప్యూటర్లు వచ్చి, సీసపు అక్షరాలన్నీ తుక్కు కింద పోయాయి. షోహెయ్‌ని పొట్లాలు కట్టే పనికి మార్చారు. వేరే మనిషైతే కంప్యూటరు పేరెత్తితే మండిపడేవాడు. ఇతను మాత్రం సెకండ్ హ్యాండ్‌లో ఒకటి కొనుక్కొచ్చి, దాని ముందు కూర్చుని, నిఘంటువు ఒళ్లో పెట్టుకుని కుస్తీ పట్టాడు. మొదటిసారి ఈమెయిలు పంపి, దానికి జవాబు వచ్చిన రోజున తెర ముందునుంచి లేచి వచ్చి భార్య భుజం తట్టాడు.

"తొకియె, ఇక చినామి చేత ఫోను చేయించక్కర్లేదు. ఆ పిల్లని పిల్లలా ఉండనిద్దాం."

ఆ మాటకి తొకియె కుట్టుపని పక్కన పెట్టేసి, లేచి వచ్చి తెర మీద ఆ జవాబు తనూ చూసింది.

సంఘంలో పెద్దవాళ్లందరికీ ఈమెయిలు నేర్పాలని షోహెయ్‌కి పట్టుకుంది. వాళ్లు దగ్గరికి రానిస్తే కదా! కంప్యూటరుతో వచ్చిన పుస్తకం చూస్తేనే బెదిరిపోయేవాళ్లు. చాలామందికి చదువు అంతంతమాత్రం. పెదాల కదలికలు చూస్తూ నేర్చిన చదువు ఎంత వంటబడుతుంది మరి?

ఆ రోజుల్లో కంప్యూటరు తెర మూలన నిలబడి, చెయ్యూపి పలకరించి, ఏం చెయ్యాలో చెప్పే బొమ్మలు ఫ్యాషను. కుక్కపిల్లలు, మంత్రగాళ్లు, మరమనుషులు. అవన్నీ మాట్లాడేవే. మన బొమ్మ సైగలు చేస్తే ఎలా ఉంటుంది అని షోహెయ్‌కి తోచింది. అలాంటి బొమ్మలు సొంతంగా తయారుచేసుకునే సాధనం ఒకటి ఉచితంగా దొరికేది. బొమ్మలు గీసి, ఏ బొమ్మ తర్వాత ఏది రావాలో చెబితే, అన్నిటినీ ఒకే ఫైలులో మూటకట్టి ఇచ్చేది. షోహెయ్ మొగుర అనే జంతువుని ఎంచుకున్నాడు. నేల తవ్వుకుంటూ బతికే జీవి అది. ఒంటికి మించిన చేతులు దానివి, పారల్లాంటివి. దానికి మొగుకిచి అని పేరు పెట్టి, చొక్కా మీద నీలంరంగు కూర్పరి ఏప్రను తొడిగాడు.

బొమ్మకి చేతులు కావాలి కదా. "నా చేతులు చూసి గీస్తే మొగుకిచికి కూడా నత్తి వస్తుంది. నువ్వు నిలబడు," అన్నాడు తొకియెతో.

ఆ శీతాకాలమంతా తొకియె సాయంత్రాలు వీడియో కెమెరా ముందు నిలబడింది. పగలంతా కుట్టి కుట్టి వచ్చి, గోడకి బిగించిన తెల్లదుప్పటి ముందు నిలబడి, "ఇక్కడ నొక్కు", "మెయిలొచ్చింది", "భయపడకు, ఏం పాడవదు" అని సైగలు చేసేది. అతను టేపు ఆపి ఆపి, తెర మీద పలచటి కాగితం పెట్టి ఒక్కో చెయ్యీ దింపుకునేవాడు.

"ఇంకోసారి చెయ్యి. బొటనవేలు కనపడలేదు."

"ఇందాకా కనపడలేదన్నావ్, అంతకుముందూ కనపడలేదన్నావ్. నీకు కళ్లు కూడా పోయాయా ఏమిటి?"

"కళ్లున్నాయి గనకనే అడుగుతున్నా. చెయ్యవే."

"బళ్లో చేతులు కదిపితే కొట్టారు. ఇక్కడ కదపకపోతే చంపేట్టున్నావు!"

కావాలనే హాస్టలు సైగలు పెట్టించాడు. మెయిలొచ్చిందంటే జారిన టోపీ నెట్టడమే. చూడగానే బున్‌జోలాంటివాళ్లు నవ్వాలి, నవ్వితే భయం పోతుంది అని అతని ఆలోచన. ఒక్కో సైగ గుర్తు చేసుకుంటూ, దాని వెనకున్న పిల్లల్నీ వార్డెనునీ గుర్తు చేసుకుంటూ, ఆ ఒక్క చలికాలంలో వాళ్లిద్దరూ అంతకుముందు కాపరమంతా మాట్లాడుకున్నదానికంటే ఎక్కువ మాట్లాడుకున్నారు.

షోహెయ్ అనుకున్నట్టే అయింది. సీడీలు చేసి సంఘంలో పంచిపెడితే ముసలివాళ్లు మొగుకిచిని చూడ్డానికైనా కంప్యూటరు తెరిచారు. బున్‌జో రాసిన మొదటి మెయిలు షోహెయ్‌కే వచ్చింది: "జుట్టు పెరిగిందా? రా." కొన్నేళ్లపాటు ఊళ్లో చెవిటివాళ్ల ఇళ్లన్నిటిలోనూ తొకియె చేతులు తెర మూలన ఆడుతూనే ఉన్నాయి.

ఆ తర్వాత కొత్త కంప్యూటర్లు వచ్చాయి. వాటిలో మొగుకిచి లేవలేదు. అప్పటికి అందరి చేతుల్లోనూ ఫోన్లు, ఎవరికీ లోటనిపించలేదు. షోహెయ్ జబ్బుపడి, ఒక వసంతంలో ఆసుపత్రిలో పోయాడు. అతని పాత కంప్యూటరు కొంతకాలం పనిచేసి, ఒకనాడు కాలిన వాసన వేసి ఆగిపోయింది. వీడియో టేపుల మీద ఎప్పుడో సుమో కుస్తీలు రికార్డు చేసేసుకున్నాడు మహానుభావుడు. మిగిలింది ఒక్క సీడీ.

తొకియెకి కీళ్లవాతం పట్టుకుంది. మొదట సూది జారింది, తర్వాత వేళ్లు వంకర్లు తిరిగాయి. కుట్టుపని మానేసినందుకు ఆమె అంతగా బాధపడలేదు, చాలినంత కుట్టింది. సైగలు చెడినందుకు కుంగిపోయింది. అంత స్పష్టంగా మాట్లాడిన మనిషి గొంతు బొంగురుపోయినట్టు అయింది ఆమె పని. సంఘానికి వెళ్లడం తగ్గించి, చివరికి మానేసింది. దుప్పటి కప్పిన వెచ్చటి బల్ల ముందు కూర్చుని, రెండు చేతులూ దుప్పటి కింద పెట్టుకుని టీవీ చూసేది. వంటకి, మందులకి చినామి రోజూ వచ్చి వెళ్లేది. ఒక బళ్లో పిల్లల మధ్యాహ్న భోజనాలు వండే ఉద్యోగం ఆమెది.

సరిగ్గా అప్పుడు వచ్చింది కనొకో. ముప్పై దాటిన పిల్ల, తనూ చెవిటిదే, సంఘానికి కార్యదర్శి. నవ్వు మొహం, పట్టు వదలని స్వభావం. పాత హాస్టలు సైగలు తెలిసినవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారని, ఉన్నవాళ్లనైనా కెమెరాలో పట్టి పెట్టాలని తిరుగుతోంది.

"తొకియెసాన్, మీరే ముఖ్యం. బున్‌జోసాన్‌ని అడిగితే, నన్నేం తీస్తావ్, ఆవిడ చేతులు తియ్యి అన్నాడు."

తొకియె దుప్పటి కింద నుంచి చేతులు తీసి ఒకసారి చూపించి, మళ్లీ లోపలికి పెట్టేసుకుంది. అల్లం కొమ్ముల్లా ఉన్నాయి. "చూశావుగా. వీటిని చూసి నేర్చుకుంటే ఊరందరికీ కీళ్లనొప్పులు వస్తాయి," అంది, మళ్లీ ఓ చెయ్యి బయటికి తీసి.

"నాకు అర్థమైందిగా ఇప్పుడన్నది?"

"పిల్లా, నువ్వు మంచిదానివి గనక అర్థమైంది. వెళ్లి ఇంకెవర్నైనా చూసుకో."

కనొకో వెళ్లలేదు. టీ తాగింది, ఇంకో కప్పు తాగింది, షోహెయ్ ఫొటోకి దణ్ణం పెట్టింది. ఫొటో పక్కన సీడీ చూసి ఇదేమిటని అడిగింది. అడిగాక చెప్పకుండా ఉండలేకపోయింది తొకియె. మొగుకిచి కథంతా విని కనొకో కళ్లు ఇంతింత చేసుకుంది. "అంటే మీ చేతులు దీన్లో ఉన్నాయా? అప్పటి చేతులు?"

"ఉంటే మాత్రం ఏం? అది తెరుచుకోదు."

సీడీ పట్టుకుపోయిన కనొకో కొన్నాళ్లు తల పగలగొట్టుకుంది. ఫైలు కనపడుతోంది, తెరిచే దారి లేదు. వెతగ్గా వెతగ్గా ఇంటర్నెట్‌లో ఒక ప్రోగ్రాము దొరికింది. పేరు నుకెగారా, అంటే కీచురాయి విడిచిపోయిన గుల్ల. పాతకాలపు తెర బొమ్మల ఫైళ్లు విప్పి, లోపలున్న బొమ్మలు, శబ్దాలు, కదలికల వరసలు వేటికవి విడదీసి బయట పెట్టడమే దాని పని. ఎవరో ఇష్టంతో రాసి ఉచితంగా పెట్టారు. కనొకో దానికి ఫైలు అందించింది. బొమ్మలు జలజలా రాలిపడ్డాయి.

లాప్‌టాప్ చంకన పెట్టుకుని పరుగున వచ్చింది. చినామి కూడా ఇంట్లోనే ఉంది. ముగ్గురూ తెర చుట్టూ చేరారు. నీలం ఏప్రను, మూతి, చిన్నచిన్న కళ్లు, అంతా మొగుకిచే. చొక్కా చేతులు కూడా ఉన్నాయి. ఆ చొక్కా చేతుల చివర మాత్రం ఏమీ లేదు. ఏ బొమ్మ చూసినా అంతే. చేతుల్లేని మొగుకిచి వాళ్ల వైపు చూస్తూ నిలబడ్డాడు.

తొకియె కాసేపు చూసి, "సరిపోయింది. వీడూ నాలాగే అయ్యాడు," అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

కనొకో ఆ ప్రోగ్రాము రాసిన మనిషికి సంగతంతా చెప్పి, ఫైలు కూడా జతచేసి మెయిలు పెట్టింది. అతని పేరు ఇయోరి. ఎక్కడో దక్షిణాన సముద్రం దగ్గర మత్సుయామలో లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. సొంత సరదాకి రాసుకున్న ప్రోగ్రాము గురించి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి అడిగితే ఎంతమంది పట్టించుకుంటారు? ఇతను ఆ వారాంతం అదే పనిలో కూర్చున్నాడు. తర్వాత వీడియోలో కనపడ్డాడు. చినామి మధ్యలో కూర్చుని అతని మాటలు సైగల్లోకి, వీళ్ల సైగలు మాటల్లోకి మార్చింది.

"తప్పు నా ప్రోగ్రాముదేనండీ," అన్నాడు ఇయోరి. సన్నగా, పొడుగ్గా, కెమెరా వైపు చూడ్డానికి సిగ్గుపడే మనిషి. "ఈ బొమ్మలు మాట్లాడేటప్పుడు నోరు కదలాలి కదా. దానికి నోళ్లు విడిగా గీసి, ఇంకో అరలో పెడతారు, మొహం మీద అతికించడానికి. గొంతు రికార్డు చేసి లేకపోతే ఆ బొమ్మ మాట్లాడనట్టే లెక్క, నోళ్లతో పనిలేదు అనుకుని నా ప్రోగ్రాము ఆ అర తెరవకుండా వదిలేస్తుంది. మీ ఫైల్లో గొంతే లేదు."

"ఉండదు మరి," అంది చినామి.

"కానీ ఆ అర నిండా బొమ్మలున్నాయి. కిక్కిరిసి ఉన్నాయి. తెరిచి చూస్తే..." ఇయోరి ఆగి, తల గోక్కున్నాడు. "నోళ్లుండాల్సిన చోట అన్నీ చేతులున్నాయండీ. ఎవరు చేశారో గాని పొరపాటున పెట్టినట్టు లేదు. వేలు వేలుకీ జాగ్రత్తగా కొలిచి అతికించారు. నోటి చోట చేతులు ఎందుకు పెట్టారో మాత్రం నాకు అంతుపట్టలేదు."

చినామి చేతులు ఆ మాట దగ్గర ఆగిపోయాయి. తల్లి ఆమె మోకాలు తట్టింది, ఏమన్నాడు అని. చినామి చెప్పింది. తొకియె వంకర వేళ్లతో మెల్లిగా జవాబిచ్చింది. చినామి అతనికి మాటల్లో చెప్పింది.

"అవి నోళ్లే బాబూ అంటోంది మా అమ్మ."

ఇయోరి మొదటిసారి కెమెరా వైపు సూటిగా చూశాడు. తర్వాత, "నేను అక్కడికి రావచ్చాండీ?" అని అడిగాడు. "బొమ్మలు తీసి పంపగలను. ఏ చెయ్యి తర్వాత ఏది, ఎంతసేపు ఆగాలి అన్నది కూడా ఫైల్లో ఉంది గాని, అది సరిగా వచ్చిందో లేదో చూసి చెప్పగలిగింది ఆవిడొక్కరే."

మే నెలలో, కొండల మీద మాత్రమే మంచు మిగిలి, పొలాల్లో నీళ్లు పెడుతున్న రోజుల్లో రైలు దిగాడు ఇయోరి. తమ ప్రాంతం నారింజలు ఒక పెట్టె మోసుకొచ్చాడు. తొకియె కూతురి చేత వెదురాకుల్లో చుట్టిన కుడుములు ఉడికించి పెట్టించింది. ఆకు ఒలవడం చేతకాక ఇయోరి పిండి ముక్కుకి పూసుకుంటే ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

ఇలాంటి ప్రోగ్రాము ఎందుకు రాశావయ్యా అని అడిగింది. ఇయోరి బల్ల వైపు చూస్తూ చెప్పాడు. పదకొండో ఏట బడికి వెళ్లడం మానేశాడట. ఏమైందో తనకే తెలియదు, పొద్దున్నే చెప్పులు వేసుకునే దగ్గర కాళ్లు ఆగిపోయేవి. గదిలోనే ఉండిపోయాడు. కంప్యూటరు తెరిస్తే ఒక నక్క బొమ్మ చెయ్యూపి, ఇవాళ కూడా వచ్చావా, సంతోషం అనేది. ఎందుకు రాలేదని అడగకుండా, వచ్చినందుకు సంతోషించేది అదొక్కటే. "పెద్దయ్యాక దాన్ని మళ్లీ చూడాలనిపించిందండీ. తెరవడానికి ఏమీ దొరక్క నేనే రాసుకున్నా. నాలాంటివాళ్లు ఇంకా ఉంటారని అందరికీ పెట్టేశా."

తొకియె అతని వైపు చూసి, రెండో కుడుము తనే ఒలిచి చేతిలో పెట్టింది. వంకర వేళ్లతో ఆకు ఒలవడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ సాయానికి వెళ్లలేదు.

మర్నాడు మధ్యాహ్నం సంఘం హాల్లో గోడకి తెర కట్టారు. బున్‌జోతో సహా హాస్టలు రోజులవాళ్లలో మిగిలినవాళ్లంతా వచ్చారు. ఒక ముసలమ్మని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ఇయోరి మీట నొక్కాడు.

మొగుకిచి లేచి ఒళ్లు విరుచుకున్నాడు. ఈసారి చొక్కా చివర చేతులున్నాయి. అరచేతుల దాకా మొగురవి, వేళ్లు మాత్రం మనిషివి. కుడిచేతి నడిమి వేలికి గోధుమరంగు తోలు ఉంగరం ఉంది. ఆ వేళ తీసెయ్యడం మరిచిపోయినట్టుంది, షోహెయ్ ఉన్నదున్నట్టు దింపేశాడు. ఆ వేళ్లు పైకి లేచి, కళ్ల మీదికి జారిన లేని టోపీని పైకి నెట్టాయి.

హాలు హాలంతా ఒక్కసారిగా చేతులైపోయింది. పోస్టుమానే! అదుగో పోస్టుమాన్! ఒకరి భుజాలు ఒకరు చరుచుకున్నారు. చక్రాల కుర్చీలో ముసలమ్మ తనూ టోపీ నెట్టి, నెట్టి, కళ్లు తుడుచుకుంది. తొకియె మాత్రం కదలకుండా చూస్తోంది. అవి తన చేతులే. ఎంత నున్నగా ఉన్నాయి, ఎంత ధీమాగా కదులుతున్నాయి! ఆ చేతులకి అప్పుడొక్కసారి కూడా బాగున్నారని చెప్పుకోలేదే అనుకుంది.

ఒక్కో సైగా అయిపోయాక ఇయోరి చినామి చెవిలో ఏదో అన్నాడు. చినామి అందరికీ చెప్పింది: "ఇంకొకటి ఉందట. ఫైల్లో ఉంది గాని మొగుకిచి ఎప్పుడూ వాడని కదలిక. దాన్ని పిలిచే ఏర్పాటే చెయ్యలేదట నాన్న. ఇదేమిటో ఇయోరికి తెలియడం లేదట."

తెర మీద మొగుకిచి నడుం మీద చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత చేతులు చకచకా కదిలాయి: "చాలు! అన్నం అక్కడ మాడిపోతోంది. ఇంకోసారంటే నీ కెమెరా మంచులో పాతేస్తా. రేపట్నించి ఆ బార్బరుని నిలబెట్టుకో!"

బున్‌జో కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వాడు. "నన్నా? నన్ను నిలబెట్టుకోమందా? ఇన్నేళ్లూ ఇది దాచారా మీరిద్దరూ!"

తొకియె మొహం ఎర్రబడింది. నవ్వుతోంది, ఏడుస్తోంది, రెండూ కలిసి వస్తున్నాయి. "నా తిట్లు కూడా పారెయ్యలేదు చూడు. అవి కూడా కూర్చుని, ఒక్కో వేలూ గీశాడు!" అంది. అంటూ అంటూ లేచి నిలబడింది. "అసలు ఆ రోజు ఏమైందంటే..." అని మొదలుపెట్టి, అన్నం మాడిన కథంతా చెప్పింది. మాడిన గిన్నె, షోహెయ్ దాన్ని మంచులో పెట్టి తోమడం, పొద్దున్నకి గిన్నె మంచులో కూరుకుపోవడం, వసంతంలో గాని దొరక్కపోవడం. రెండు చేతులతో, వంకర వేళ్లతో, భుజాలతో, మొహంతో చెప్పింది. ఎక్కడా ఎవరూ అర్థం కాలేదనలేదు.

కథ అయ్యాక బున్‌జో లేచి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఒసేయ్, షోహెయ్ నత్తి చేతులతో ఇన్నేళ్లు కబుర్లాడినవాళ్లం. నీ చేతులు అర్థం కావని ఎవడు చెప్పాడే నీకు? సంఘానికి రావడం మానేసి ఇంట్లో కూర్చున్నావు. నీ తిట్లు లేక సమావేశాలు ఎంత చప్పగా ఉన్నాయో తెలుసా?"

"నీకు జుట్టు లేక తల కూడా చప్పగానే ఉంది," అంది తొకియె.

"అదీ! అదీ మాట!" అని బున్‌జో అందరి వైపూ తిరిగి రెండు చేతులూ ఎత్తి ఊపాడు. మిగతావాళ్లు కూడా చేతులెత్తి ఊపారు. చెవిటివాళ్ల చప్పట్లు అలాగే ఉంటాయి.

ఆ సాయంత్రమే తొకియె కనొకోని పిలిచి కెమెరా పెట్టమంది. ఇప్పటి చేతుల్నే తియ్యమంది. మొగుకిచి చేసేవి పక్కన, తను చేసేవి పక్కన. "అవి ఎలా చెయ్యాలో చూపిస్తాయి. ఇవి ఎందుకు చేశామో చెబుతాయి," అంది. ఆ పని వేసవి అంతా సాగింది. కనొకో ఆ సైగలు బధిరుల బడి పిల్లలకి చేర్చింది. ఇప్పుడా బడిలో చేతుల మీద ఎవరూ కొట్టరు. చిన్నపిల్లల తరగతికి తొకియె గురువారాలు వెళ్లడం మొదలుపెట్టింది. ఆమె వేళ్లు చూసి మొదటిరోజు ఒక చిట్టిపిల్ల, అమ్మమ్మా, నీ చేతులు చెట్టుకొమ్మల్లా ఉన్నాయే అంది. అవును, ఎక్కు మరి అని తొకియె చేతులు చాపింది.

ఇయోరి తన ప్రోగ్రాముని సరిచేసి కొత్తగా పెట్టాడు. గొంతు లేని బొమ్మకి నోటి అర తప్పకుండా తెరవాలని అందులో రాసుకున్నాడు. తర్వాత ఎవరెవరో ఎక్కడెక్కడి నుంచో తమ పాత బొమ్మలు తెరుచుకున్నాయని అతనికి రాశారు. ఒక తండ్రి, చచ్చిపోయిన పిల్లి బొమ్మని కూతురి కోసం చేసుకున్నవాడు, దాన్ని మళ్లీ చూశామని రాశాడు. అవన్నీ ఇయోరి చినామికి పంపేవాడు, చినామి చదివి తల్లికి సైగల్లో చెప్పేది. తొకియె ప్రతిసారీ ఒకటే అనేది: "చూడు, ఆ నక్క ఎంతమందికి మేలు చేసిందో!"

ఆ మే నెలలో తిరిగి వెళ్లిన రోజున స్టేషన్లో ఇయోరి ఆమె ముందు నడుం వంచి, వంచి, లేవలేకపోయాడు. కృతజ్ఞత చెప్పాల్సింది నేనైతే నువ్వు వంగుతావేమయ్యా అని తొకియె అతని తల మీద చిన్నగా ఒకటి వేసింది. తర్వాత అతనికో పేరు పెట్టింది. సంఘంలో ప్రతివాళ్లకీ ఒక సైగ పేరు ఉంటుంది, అది సంఘమే ఇవ్వాలి. మూసుకున్న గుప్పిటని రెండో చేత్తో మెల్లిగా విప్పడం అతని పేరు. ఇయోరి దాన్ని రైలు కిటికీలోంచి చేసి చూపిస్తూ వెళ్లాడు, కనపడినంతసేపూ.

ఆ తర్వాతి జనవరిలో మళ్లీ వచ్చాడు. రాకముందు మత్సుయామలో సైగల క్లాసులో చేరానని, ఇప్పుడు చినామి సాయం అక్కర్లేదని మెయిలు పెట్టాడు. బయట ఇళ్ల చూరుదాకా మంచు. తలుపు తియ్యగానే, ముక్కు ఎర్రగా కందిపోయి, గడప మీద నిలబడి, ఎన్నాళ్లనుంచో అభ్యాసం చేసినట్టు ఎంతో శ్రద్ధగా సైగ చేశాడు. చాలా చలిగా ఉంది, మీ అందరినీ చూసి సంతోషంగా ఉంది అని అతను అన్నానుకున్నది. వచ్చింది మాత్రం, బుధవారం నా దగ్గర కంపు కొడుతోంది, మీ అందరికీ సంతోషం అని.

లోపల కూర్చుని ఉన్న బున్‌జో టీ కప్పు కింద పెట్టేశాడు. తొకియె నవ్వుతూ ఇయోరి తడి చేతులు తన చేతుల్లోకి తీసుకుని, ఒక్కో వేలూ పట్టుకుని, అది కాదయ్యా, ఇలా అని సరిచేసి, లోపలికి లాక్కుపోయింది.